ఎవరి యింటి యెదుట వారి గోడ

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: నెహెమ్యా 6:1–16, 7:1–3)

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ పట్టణాలలోను, భద్రాచలం గోదావరి ఒడ్డునను, దుమ్ముగూడెం, చర్ల మన్యపు పల్లెలలోను, సరిహద్దు దాటి చింతూరు, కూనవరం వైపునను ఈ వాక్యపరిచర్యను వింటున్న ప్రతి కుటుంబాన్నీ దేవుడు దీవించును గాక. వాక్యములోనికి వెళ్లకముందు ఒక చిన్న మనవి. మీ చేతిలో ఫోను ఉంటే ఈ కొద్ది నిమిషాలు దానిని బోర్లించి పెట్టండి. ఫోనులోనే ఈ కార్యక్రమము వింటున్నవారు కూడా అలాగే చేయవచ్చు. వినడానికి తెరతో పని లేదు కదా!

ఈనాటి మన ధ్యానాంశము కూడా ఆ ఫోనే. అయితే దానిని శపించడానికి నేను రాలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత ఇంటర్నెట్టు చవకై సామాన్యుని చేతికి అందింది. 2020లో కరోనా మూలముగా బడులు మూతపడినప్పుడు, సెప్టెంబరు 1 నుండి మన తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలైనవి. ఎన్నో పేద ఇళ్లలో పిల్లల చదువు కోసమే అప్పుచేసి మొదటి స్మార్ట్‌ఫోను కొన్నారు. సిగ్నలు కోసము గుట్ట ఎక్కిన పిల్లలు మన పల్లెలకు కొత్త కాదు. 108కి కబురు చేయాలన్నా, తునికాకు డబ్బు ఖాతాలో పడినదో లేదో చూడాలన్నా, పరదేశములో పనిచేస్తున్న కొడుకు ముఖము చూడాలన్నా అదే ఆధారము. దేవుడు మనుష్యునికిచ్చిన తెలివివలన కలిగిన మేలుగానే దానిని ఎంచుదాము. ప్రశ్న ఒక్కటే. మనము దానిని పిలుస్తున్నామా, అది మనలను పిలుస్తున్నదా?

1. గోడ లేని పట్టణము

సామెతలు 25:28లో జ్ఞాని ఒక పోలిక చెప్పాడు. తన మనస్సును తాను ఏలుకోలేని మనిషి, గోడలు కూలిపోయిన పట్టణము వంటివాడట. ఆ పట్టణములో ఇళ్లున్నాయి, బజారున్నది, ప్రార్థన స్థలము కూడా ఉన్నది. లేనిది గోడ ఒక్కటే. అందుచేత ఎవరైనా, ఏ వేళనైనా, ఏ వైపునుండైనా లోపలికి వచ్చి కూర్చోవచ్చు.

గోదావరి ఒడ్డున ఉన్నవారికి ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద నది 75.6 అడుగులకు వచ్చింది. ఆ వరదను చూసిన తరువాతనే పట్టణానికి కరకట్ట కట్టారు. 2022 జూలై 16న నీరు మరల 71.3 అడుగులకు పెరిగినప్పుడు, నిద్ర లేకుండా ఆ కట్టవైపు చూస్తూ గడిపినవారు మీలో ఎందరో ఉన్నారు. ఒక సంగతి గమనించండి. కరకట్టను వరద వచ్చిన రోజున కట్టరు. నది సన్నగా పారుతూ, ఎవరికీ భయము లేని ఎండాకాలములోనే కట్టాలి. వరద రాత్రి ఇసుక మూటలు వేయగలమే గాని కట్ట కట్టలేము.

ఫోను విషయములో మనము ఓడిపోయేది ఇక్కడే. రాత్రి పదకొండు దాటింది. కళ్లు మండుతున్నాయి. వేలు మాత్రము తెరమీద పైకి పైకి జరుగుతూనే ఉన్నది. అప్పుడు, "ఇక చాలించాలి" అనుకుంటాము. అది ఇసుక మూట. ఆ వేళ మనస్సు అలసిపోయి ఉంటుంది గనుక తీర్మానము నిలువదు. తెల్లవారి సిగ్గుపడతాము, రాత్రికి మరల అదే కథ. దానియేలు చూడండి. రాజు వంటకాలు ఎదుట పెట్టిన తరువాత అతడు ఆలోచించడము మొదలుపెట్టలేదు. ముందుగానే తన హృదయములో నిశ్చయించుకొన్నాడని దానియేలు 1:8 చెప్పుచున్నది. నిశ్చయము ముందు, పరీక్ష తరువాత. ఇదే ఈ దినపు వర్తమానము.

2. నాలుగు సార్లు వచ్చిన కబురు

ఇప్పుడు మన వాక్యభాగానికి వద్దాము. యెరూషలేము గోడలను బబులోనువారు పడగొట్టి అప్పటికి దాదాపు 140 సంవత్సరాలు. అర్తహషస్త రాజునకు పానపాత్ర అందించే నెహెమ్యా, షూషను కోటలో ఉండి ఆ సంగతి విని, ఏడ్చి, ఉపవాసముండి, రాజు సెలవు పుచ్చుకొని వచ్చి గోడ కట్టించాడు. 6వ అధ్యాయము మొదటి వచనానికి వచ్చేసరికి గోడలో సందులు పూడినవి, అయితే గుమ్మాలకు తలుపులు ఇంకా పెట్టలేదు. సరిగ్గా ఆ సమయములో సన్బల్లటు, గెషెము అనువారు అతనికి కబురు పంపారు. ఓనో మైదానములో కలుసుకొందాము రమ్మన్నారు. పైకి చూస్తే స్నేహముగా పిలిచిన పిలుపే. లోపల అతనికి కీడు చేయాలని వారి ఉద్దేశము.

నెహెమ్యా ఏమని చెప్పి పంపాడు? నేను గొప్ప పనిమీద ఉన్నాను, దానిని విడిచి మీయొద్దకు వస్తే పని ఆగిపోతుంది కదా అని. వారు ఊరుకోలేదు. అదే కబురు నాలుగు సార్లు పంపారు. అతడు నాలుగు సార్లూ అదే జవాబు చెప్పాడు. ప్రతిసారి కొత్తగా ఆలోచించుకొని ఉంటే, ఏ మూడవసారో, "ఎంతసేపు, ఒక్కసారి వెళ్లి వద్దాము" అనిపించి ఉండేది. జవాబు ముందే సిద్ధముగా ఉన్నందున అతని చేయి తాపీ విడువలేదు.

మన జేబులోని ఫోను దినానికి నాలుగు సార్లే పిలుస్తున్నదా? గంటకు నాలుగు సార్లు పిలిచినా తక్కువే అనిపిస్తుంది. ఎవరో ఫోటో పెట్టారు, ఎవరో మెచ్చుకొన్నారు, ఎక్కడో తగ్గింపు ధర, ఏదో వీడియో. మన అక్కచెల్లెళ్లు తునికాకు కట్టలు కట్టడము చూశారా? యాభై ఆకులు లెక్కపెట్టి ఒక కట్ట కడతారు. ముప్పైమూడవ ఆకు దగ్గర ఎవరైనా పిలిస్తే ఏమవుతుంది? పలికిన మాట ఒక్కటే, అయినా లెక్క మరల మొదటికి వస్తుంది. మన ప్రార్థన, పిల్లల చదువు, భార్యాభర్తల మాటామంతీ అన్నీ ఇలాగే ముప్పైమూడవ ఆకు దగ్గర ఆగిపోతున్నాయి. పోయినది ఆ ఒక్క నిమిషమే అనుకుంటాము. పోయినది లెక్క.

ఇందులో మన బలహీనత ఉన్నమాట నిజమే. అయితే అవతలివైపు నేర్పు కూడా ఉన్నదని తెలుసుకోవాలి. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలమీద పరీక్షలు చేశాడు. పొడిచిన ప్రతిసారి గింజ పడితే, పక్షి ఆకలి తీరగానే ఆగుతుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా ఒకసారి పడి, నాలుగుసార్లు పడకుండా చేస్తే, ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది. గోదావరిలో గాలము వేసి కూర్చున్నవాడు పొద్దు గూకినా లేవడు చూడండి. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనే ఆశ. తెరను కిందికి లాగి, కొత్తగా ఏమి వచ్చిందో అని ఎదురుచూసే మన వేలు చేస్తున్నది ఆ పనే.

ఇంకొక సంగతి. ఆజా రాస్కిన్ అనే ఆయన 2006లో, పేజీకి చివర అన్నదే లేకుండా ఎంత జరిపితే అంత వస్తూనే ఉండే పద్ధతిని రూపొందించాడు. అది మనుష్యుల కాలాన్ని ఎంతగా మింగివేస్తున్నదో చూచి, తరువాత ఆయనే బహిరంగముగా విచారము వెలిబుచ్చాడు. పుస్తకములో అధ్యాయానికి చివర ఉన్నది. సంతకు పొద్దు గూకడము ఉన్నది. విస్తరిలో అన్నము అయిపోవడము ఉన్నది. ఈ తెరకు మాత్రము చివర లేదు. చివరను మనమే పెట్టుకోవాలి. మీ అబ్బాయిని "బుద్ధి లేదు" అని తిట్టేముందు, ఎంతో తెలివిగల పెద్దలు ఎందరో కూర్చొని చేసినదాని ఎదుట ఆ పసివాడు ఒంటరిగా నిలబడి ఉన్నాడని జ్ఞాపకము చేసికొనండి.

3. విప్పియున్న ఉత్తరము

నాలుగు సార్లు పిలిచినా రాకపోయేసరికి, సన్బల్లటు అయిదవసారి తన పనివాని చేత ఒక ఉత్తరము పంపాడు. అది ముద్ర వేయని, విప్పియున్న ఉత్తరము. అంటే దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. అందులో ఏమున్నది? యూదులు తిరుగుబాటు చేయబోతున్నారని జనములలో చెప్పుకుంటున్నారు, గష్ము కూడా ఆ మాటే అంటున్నాడు అని ఉన్నది. "అందరూ అంటున్నారు, ఫలానావాడు కూడా అన్నాడు" అనే మాట ఎంత పాతదో చూశారా? ఈనాడు మన వాట్సాప్‌లో తిరిగే ఉత్తరాలు ఇటువంటివే.

ఇది నవ్వి ఊరుకోవలసిన సంగతి కాదు. 2018 మే నెలలో మన తెలంగాణలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్ మెసేజులు పల్లెపల్లెకు పాకినవి. ఆ భయములో జనము కొత్తవారినీ, దారి తప్పినవారినీ పట్టుకొని కొట్టారు. ఏ పాపమూ ఎరుగనివారు ప్రాణాలు కోల్పోయారు. గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరికీ పంపి, డప్పులతో, పాటలతో అది అబద్ధమని ప్రజలకు తెలియజెప్పించవలసి వచ్చింది. ఆ సంవత్సరము జూలైలో, ఒక మెసేజును ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ మన దేశములో హద్దు పెట్టింది. ఆ మెసేజులు పంపినవారందరూ దుర్మార్గులా? కారు. మన పిల్లలు జాగ్రత్త అని, మంచి ఉద్దేశముతో, ఆలోచించకుండా ఒక్క వేలు ఆడించినవారే ఎక్కువమంది. ఆలోచన లేని వేలు ఒక మనిషి ప్రాణము తీయగలదు.

నెహెమ్యా ఆ ఉత్తరాన్ని ఎవరికీ చేరవేయలేదు. కంగారుపడి ఓనోకు పరుగెత్తలేదు. ఇటువంటిదేమీ లేదు, ఇది నీవు కల్పించుకొన్నదే అని పంపినవానికే చెప్పి, దేవుని ఎదుట ప్రార్థించి, మరల పనికి వంగాడు. విశ్వాసులారా, "దీనిని పదిమందికి పంపితే దీవెన, పంపకపోతే కీడు" అని వచ్చే మెసేజులు కూడా ఆ ఉత్తరము జాతివే. దేవుని దీవెన ఫార్వర్డు మీటలో లేదు. నిజమో కాదో మీకు తెలియనిది మీ దగ్గరనే ఆగిపోనివ్వండి. అది కూడా సాక్ష్యమే.

4. నీరు ఎంతవరకు వచ్చింది?

భద్రాచలము వద్ద నది 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఈ లెక్క మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఈ దినము ఎవరి ఇంటి నీటిమట్టము వారు చూచుకొందాము.

మొదటి హెచ్చరిక: పని లేకపోయినా చేయి దానంతట అది ఫోనుమీదికి పోవుట. టైము చూద్దామని తీసి, అరగంట తరువాత టైము చూడకుండానే కింద పెట్టుట. బస్సుకోసము నిలబడినా, అన్నము ఉడికేలోగా అయినా, ఊరకుండలేకపోవుట.

రెండవ హెచ్చరిక: ఇంటిలో ఎవరో ఒకరు నష్టపోవుట. నిద్ర తగ్గింది, కుటుంబ ప్రార్థన పోయింది, భోజనము దగ్గర మాటలు లేవు. నేను సంఘ కుటుంబాలను దర్శించేటప్పుడు చూచిన ఒక సంగతి చెబుతాను. అయిదేళ్ల పాప తండ్రికి ఏదో చెబుతున్నది. ఆయన "ఊఁ, ఊఁ" అంటూ ఫోను చూస్తున్నాడు. ఆ పాప రెండు చేతులతో తండ్రి గడ్డము పట్టుకొని ముఖము తనవైపు తిప్పుకొన్నది. ఆయన నవ్వేశాడు. కొంతకాలము పోతే ఆ పాప గడ్డము పట్టుకోవడము మానుతుంది. తండ్రులారా, ఆ దినము రాకముందే మేలుకొనండి.

మూడవ హెచ్చరిక: దాచిపెట్టుట. చూచేది దాచుట, ఖర్చు దాచుట, అప్పు దాచుట. 2020 చివరిలో అప్పుల యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మన రాష్ట్రములో కొందరు ప్రాణాలు తీసికొన్నారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టము వచ్చింది. చట్టము వచ్చినా ఆశ పోదు గనుక, ఆ ఊబిలో ఇంకా మన పిల్లలు ఉన్నారు. నీరు 53 దాటినవారు ఒంటరిగా ఈదవద్దు. ఈ రాత్రే ఒక నమ్మకమైన మనిషితో, మీ భార్యతో, అన్నతో, సంఘ పెద్దతో చెప్పండి. మోసపోతే 1930కి ఫోను చేయండి. బ్రతుకుమీద విరక్తి కలిగితే ప్రభుత్వము నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఉన్నది. ఆ సహాయము తీసికొనుట అవిశ్వాసము కాదు. వరదలో దేవుడు పంపే పడవలు ఎన్నో రూపాలలో వస్తాయి.

5. ద్వారములకు వేళ

మరి ఏమి చేయాలి? ఫోనును గోదావరిలో పారవేయమని నేను చెప్పడము లేదు. నెహెమ్యా గోడ కట్టి ఊరుకోలేదు, తలుపులు పెట్టించాడు. 7వ అధ్యాయము 3వ వచనములో చూస్తే, ఎండ బాగుగా ఎక్కేవరకు గుమ్మాలు తెరవరాదని, కావలివారు ఉండగానే తలుపులు మూసి గడియలు వేయాలని, ఎవరి యింటికి ఎదురుగా వారు కాపలా ఉండాలని కట్టడ చేశాడు. చూశారా? పట్టణానికి ద్వారాలున్నాయి, వర్తకులు వస్తారు, బంధువులు వస్తారు. అయితే ద్వారానికి ఒక వేళ ఉన్నది, ఒక కావలివాడు ఉన్నాడు.

ఉదయపు ద్వారము. ప్రార్థన, వాక్యము అయ్యేవరకు ఫోను తెరవవద్దు. అలారము కోసమైతే ఒక చిన్న గడియారము కొనండి. రాత్రి ఫోనును పడకగదిలో గాక వసారాలో చార్జింగు పెట్టండి. అత్యవసరముగా ఎవరైనా పిలిస్తే మోగేది అక్కడికీ వినబడుతుంది.

పిలుపుల ద్వారము. సెట్టింగ్స్‌లోనికి వెళ్లి, ఇంటివారి కాల్స్, మెసేజులు ఉంచి, మిగిలిన నోటిఫికేషన్లన్నీ ఆపివేయండి. ఒక వీడియో కాగానే మరొకటి దానంతట అదే మొదలయ్యే ఆటోప్లే కూడా తీసివేయండి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోనులో స్క్రీన్ టైమ్ అని ఉంటుంది. ఏ యాప్ ఎంత సేపు అని అక్కడ ముందుగానే హద్దు పెట్టవచ్చు. ఇది పదినిమిషాల పని, పిల్లలను పిలిచి కలిసి చేయండి. ఎక్కువగా లాగుతున్న యాప్‌ను మొదటి పేజీనుండి తీసివేయండి. అప్పటికీ ఆగకపోతే పూర్తిగా తొలగించండి.

ప్రశ్న అనే ద్వారము. ఫోను తీసేటప్పుడు, "దేనికోసము?" అని నోటితో అనండి. "కరెంటు బిల్లు కట్టడానికి" అంటే బిల్లు కట్టి కింద పెట్టండి. జవాబు లేకపోతే తీసిన చేయే దానిని మరల లోపల పెట్టాలి.

బల్ల దగ్గరి ద్వారము. భోజనానికి కూర్చునేముందు అందరి ఫోన్లు ఒక గంపలో పడాలి. మొదట ఎవరిది? ఇంటి యజమానిది. నెహెమ్యా 3వ అధ్యాయము మొదటి వచనములో, గోడ పనికి మొదట లేచినవారు ప్రధాన యాజకుడు, అతని సహోదరులు. కాబట్టి పాస్టరు ఇల్లు మొదలు కావాలి. అదే అధ్యాయములో షల్లూము తన కుమార్తెలతో కలిసి గోడ బాగుచేశాడని ఉన్నది. ఆడపిల్లలతో కలిసి తండ్రి చేసిన పని దేవుని గ్రంథములో వ్రాయబడినది!

ఆదివారపు ద్వారము. ఫోనులో బైబిలు చదువుట మంచిదే. అయితే కీర్తన మధ్యలో పెళ్లి ఫోటోలు దిగకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వీలైతే మీ పాత బైబిలునే చంకన పెట్టుకొని రండి.

ఇంకొక్క మాట. ఇల్లు ఊడ్చి ఖాళీగా ఉంచితే వెళ్లిన ఆత్మ మరి ఏడింటిని వెంటబెట్టుకొని వస్తుందని ప్రభువు మత్తయి 12లో హెచ్చరించాడు. తీసివేసిన గంటలో ఏమి పెడతారో అది కూడా ముందే నిశ్చయించుకొనండి. పిల్లలకు ఒక బైబిలు కథ, పొరుగింటి ముసలమ్మతో పది నిమిషాలు, అటకమీద మూలనపడిన హార్మోనియము, మల్లెపాదుకు నీళ్లు.

మూడవ దినాననే తప్పిపోతే? గోడలో ఒక రాయి జారితే పట్టణమంతా విడిచి పారిపోరు. ఆ రాయిని తిరిగి పెడతారు. ఈ గోడ మనలను రక్షించదు, రక్షించినవాడు క్రీస్తు. ఆయన ఇంటివారము గనుకనే గోడ కట్టుకొంటున్నాము. 140 సంవత్సరాలు పాడుగా ఉన్న గోడ 52 దినాలలో, ఏలూలు మాసము 25వ దినాన ముగిసింది. ఎవరి యింటి యెదుట వారు కట్టినందువలన అది సాధ్యమయింది. ఈ దినమునుండి 52 దినాలు లెక్కపెట్టుకొని, మీ ఇంటి గోడ మీరు మొదలుపెట్టండి.

శత్రువులు భయపెట్టినప్పుడు నెహెమ్యా చేసిన ప్రార్థన చాలా చిన్నది. తన చేతులకు బలమిమ్మని మాత్రమే అడిగాడు. ఫోను పట్టుకొనే మన చేతులకు కూడా ఆ ప్రార్థన సరిపోతుంది. కన్నులు మూసికొని ప్రార్థించుకొందాము.

పరలోకపు తండ్రీ, మా దినములు నీవిచ్చినవి. వాటిని మేము ఎరుగకుండానే ఇతరులు ఏరుకొనిపోకుండా మాకు మెలకువ దయచేయుము. మా బిడ్డలు మా ముఖములను వెదకినప్పుడు మా ముఖములు వారివైపు ఉండనిమ్ము. రహస్యముగా అప్పులలో, ఆటలలో, చూడరాని చూపులలో చిక్కినవారికి నోరు విప్పి చెప్పుకొనే ధైర్యమును, వినే సంఘమును అనుగ్రహించుము. పట్టవలసినదానిని పట్టుటకును, విడువవలసినదానిని విడుచుటకును మా చేతులను బలపరచుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.